పదిహేడో మడి

ఆ… హలో. నేనేలే, అనూరాధనే. మా అమ్మ ఫోన్ ఇంకెవులెత్తుతారు…

సెప్పు శైలూ. ఆరయిపోనాదా? … రోజూ లాగే టైముకి సేసినావు.

లేదు, పనేటీ లేదు. ఉప్పు మళ్లకాడున్నాను. ఈ గట్టు మీదయితేనే సిగ్నల్ కదా మాకు. అమ్మ ఉప్పు కుప్ప పోస్తన్నాది, నేను సెయ్యి కడుక్కుని కూకున్నాను… ఆ, సెప్పు.

భయమా? ఏల భయం? … మూడేళ్లు లా సదివినావు. మీ నాన్న నీ ఎల్‌ఎల్‌బి పట్టా ఫ్రేము కట్టించి, రాజాంలో ధాన్యం కొట్లో దేవుడి పటం పక్కన తగిలించినాడు. ఆ కొట్టుకొచ్చిన ప్రతి రైతూ దానికి దండం పెట్టి మరీ బస్తా దించుతన్నాడంట. ఇంత పేరున్నదానివి, ఎల్‌ఎల్‌ఎం ఎంట్రన్సుకి భయపడతావేటి.

రేపు రెండున్నరకి కదా? … ఆ. నూట ఇరవై ప్రశ్నలు, గంటన్నర. నీకు సాలు.

నాకా? నాకేటి ఉంటాది భయం. నీతోపాటే రాస్తాను కదా. … రాస్తాను కదా?

ఏటలా నీళ్లు నములుతన్నావు. నా హాల్ టికెట్టు ప్రింటు తీసినావా లేదా, అదొక్కటి సెప్పు.

…

సర్వరు.

నిన్నా సర్వరే. మొన్నా సర్వరే. నీది ఎనిమిది రోజుల కిందట ఒచ్చినాది. నీది ఇచ్చిన సర్వరు నాది ఇయ్యనంటన్నాదా… సరేలే. కంగారు పడకు. రేపు పొద్దున్న తీస్తావు, పరీక్ష సెంటరు గేటు కాడ నా సేతిలో పెడతావు. అంతే కదా?

… అంతే కదా అంటన్నాను.

ఆ. మంచిది.

కానీ మరి. ఆఖరి రోజు, వల్లెవేసీసుకుందాం. పుస్తకం మూసీ. నువ్వు తెరిసిందెప్పుడులే… నవ్వకు. కళ్లు ముయ్యి. మా మళ్లు తలుసుకో. ఒకసారొచ్చినావు కదా, సెప్పులు సేత్తో పట్టుకుని, బురద అంటుకుంటాదని మునివేళ్ల మీద నడిసినావు. ఆ మళ్లే. రైలుకట్ట పక్కది మొదటి మడి. అక్కడినుంచి సముద్రం వైపు లెక్కెట్టుకుంటూ పో. మడికొక సెక్షను. నేనలాగే సదివినాను, నీకూ అలాగే సెప్పినాను. సెక్క పలకతో ఉప్పు లాగుతూ మడి దాటేసరికి సెక్షను నోటికొచ్చీయాల, రాకపోతే ఇంకో మడిలోకి దిగకూడదు.

కాంట్రాక్ట్ యాక్టు. పదో మడిలో నిలబడు. ఏటున్నాది?

… ఆ. ఏ ఒప్పందం కాంట్రాక్టు అవుతాదో. ఇష్టపడి ఒప్పుకోవాల, అర్హతుండాల… ఆ, ఆ. బాగుంది.

పదకొండు?

… మైనరు, మతి స్థిమితం లేనోడు. కరెక్టు.

ఇరవై అయిదుకి ఎగిరి సెప్పు. … ప్రతిఫలం లేని ఒప్పందం సెల్లదు. మినహాయింపులెన్ని? … ఆ. సూసినావా, అన్నీ ఒచ్చీస్తన్నాయి నీకు.

కొత్త క్రిమినల్ చట్టం. హత్యకి శిక్ష?

నూట మూడు. … పాతది మూడొందల రెండు అని నోట్లో తిరుగుతన్నాదా? ఊసీ దాన్ని. పాత నంబర్లన్నీ ఎలిపోనాయి. నేను ఈ వారం సెప్పినవే పట్టుకో. దొంగతనం? … మూడొందల మూడు. నమ్మకద్రోహం? … ఏటి, ఇనబడలేదు. గట్టిగా.

మూడొందల పదహారు. నమ్మకద్రోహం మూడొందల పదహారు. ఇంకోసారి అను. … ఇంకోసారి.

ఉండు, రైలొస్తన్నాది. నౌపడ జంక్షన్లో ఆగదులే ఇది, ఎలిపోతాది… ఉండు.

…

ఆ, ఎలిపోనాది. ఎక్కడున్నాం?

మళ్లా కాంట్రాక్ట్ యాక్టుకొచ్చీ. పదిహేడో మడి. పదిహేడులో ఏటున్నాది శైలూ?

మోసం. ఆ.

నోరు మూసుకుని ఊరుకోవడం మోసమవుతాదా, అవదా? … మామూలుగా అవదు. ‘మామూలుగా’ అంటే ఏటి? ఎప్పుడవుతాది?

… సెప్పాల్సిన బాధ్యత ఉన్నోడు సెప్పకపోతే. ఆ. ఇంకా? … ఊరుకోవడమే మాట సెప్పినట్టయితే. శభాష్. ఈ ముక్క రేపు పడతాది సూడు.

ఇప్పుడు దీని మీదో లెక్క ఇస్తాను. పుస్తకాల్లో అయితే ఏ అనేవాడు, బి అనేవాడు అని ఉంటాది. నాకలా నచ్చదు. మనుషుల్ని పెడతాను. ఉప్పు మళ్లలో పని సేసే జగ్గమ్మ, ఆవిడ కూతురు. ధాన్యం షావుకారు నరసింగరావు, ఆయన కూతురు.

… ఏమే, మీ నాన్న పేరెడితే కోపమా? మా అమ్మ పేరూ ఎట్టినాను కదా. ఇను.

ఇద్దరు కూతుళ్లూ శ్రీకాకుళంలో ఒక్క బెంచీ మీద కూకుని లా సదివినారు. జగ్గమ్మ కూతురు సదివి సెప్పీది, షావుకారి కూతురు ఇని పాసయిపోయీది. పుస్తకం తెరవాల్సిన పని షావుకారి కూతురికి ఏనాడూ పడలేదు. బాగుందా ఇక్కడిదాకా? … తప్పుంటే అడ్డం పడు.

ఎల్‌ఎల్‌ఎం ఎంట్రన్సు పడినాది. జగ్గమ్మ ఫోన్లో మాటలొస్తాయి గానీ ఇంటర్నెట్టు రాదు. నువ్వు బెంగెట్టుకోకు, ఇద్దరి దరఖాస్తూ మా కొట్లో కంప్యూటర్లో నేనే నింపీస్తాను అన్నాది షావుకారి కూతురు. ఆఖరి రోజు జగ్గమ్మ కూతురు రాజాం బస్సెక్కడానికి జడ కూడా అల్లుకున్నాది. అప్పుడు మబ్బు పట్టినాది. వారం రోజుల ఉప్పు ఆరుబయటున్నాది. వాన పడితే కుప్పలు కుప్పలే కరిగిపోతాయి. తల్లికి ఒంట్లో బాగోలేదు. సర్టిఫికెట్లెలాగూ ముందే షావుకారి కూతురి సేతిలో పెట్టీసినాది, అంచేత తను ఉండిపోయి కుప్పల మీద తాటాకులు కప్పుకున్నాది. సాయంత్రం ఫోన్ సేసినాది. అయిపోనాదా అని అడిగినాది.

ఏటని సెప్పినాది షావుకారి కూతురు?

…

శైలూ. లెక్కలో జవాబు లేకపోతే మార్కులు రావు.

… ‘అయిపోనాది.’ ఆ. నీ గొంతుతోనే సెప్పినావు, మళ్లా ఇన్నాను. ఆ రోజూ ఇదే గొంతు.

లేదే, మనసులో ఏం పెట్టుకోలేదు. టెక్కలిలో నెట్ సెంటరు ధనలక్ష్మి ఉన్నాది కదా. ఆవిడ కాడికి ఎళ్లినాను. నువ్వు పంపిన ఫీజు నంబరు ఒక్కటే నా కాడున్నాది. అది కొట్టి సూసి, ఫారమంతా నింపి ఉన్నాదమ్మా అన్నాది. నా పేరున్నాది, పుట్టిన తేదీ ఉన్నాది, ఫోటో ఉన్నాది, నా సంతకం ఉన్నాది. ఆఖర్న పంపడానికి ఒక్క బొత్తం నొక్కాల. అదొక్కటీ నొక్కలేదు. ఇప్పుడు నొక్కండమ్మా అన్నాను ఎర్రిదాన్ని. గడువయిపోనాది, లేటు ఫీజు గడువూ అయిపోనాది అన్నాది. బల్ల మీద నీళ్ల సీసా ఇలా తోసినాది నా వైపు. అంతకన్నా ఏటి సేస్తాది ఆవిడ.

ఎప్పుడెళ్లినానా? … వారమయినాది.

ఆ. వారం. అంటే హాల్ టికెట్లొచ్చిన మర్నాడే. ఆ సాయంత్రం ఆరింటికి నువ్వు ఫోన్ సేసి, అనూ, కొత్త క్రిమినల్ చట్టాలు నాకు ఒక్క ముక్క రాదే, మొదట్నుంచీ సెప్పవే అన్నావు. గుర్తున్నాదా? సెప్పినాను. ఆ మర్నాటి నుంచి నిన్నటిదాకా, ఆరు సాయంత్రాలు సెప్పినాను.

పొరపాటా.

నొక్కినాననుకున్నావా… నొక్కిన తరవాత నీదానికి ఒచ్చినట్టు కాగితం రావాల కదా. రాలేదని తెలీలేదా? … ఆ తరవాత తెరిసి సూసినావా మరి? … ఎన్నిసార్లు? … నువ్వే సెప్పు, నేను అనట్లేదు.

మూడుసార్లా.

మూడుసార్లు తెరిసి మూడుసార్లు మూసినావు. … లేదు, ఏడవకు, ఇది బాగా అవసరం. ఒకసారి మూస్తే మరుపు. మూడుసార్లు మూస్తే ఏటంటారు? క్లాసులో అరిసి మరీ సెప్పీవోడు కదా మాస్టారు. … ఆ మాట నోట్లోంచి తియ్యి. … ఉద్దేశం. ఆ. అయిపోనాది. సాక్షి అక్కర్లేదు, నీ వాంగ్మూలం సాలు.

…

మీ నాన్నా? మీ నాన్న ఏటన్నాడు?

ఆగు. ఆ మాట మళ్లా సెప్పు. ఉన్నదున్నట్టు సెప్పు, మెత్తసెయ్యకు.

… ‘ఆ పిల్ల కూడా రాస్తే, రోజూ రెండు గంటలు నీకెందుకు సెప్తాదే. ఒగ్గీ, నొక్కకు.’

…

లేదు, ఉన్నాను. ఆలోసిస్తన్నాను. నా కులం సూసి అన్నాడేమో అనుకున్నాను, నీకంటే మంచి ర్యాంకొస్తాదని కడుపుమంటేమో అనుకున్నాను. అదేటీ కాదన్నమాట. ఎడ్లు పక్క సేనుకి పోకుండా తాడు కట్టినట్టు నన్ను కట్టినాడు. నీ కొట్టాం నుంచి కదలకుండా.

ఫోనాయనకిస్తావా? ఆయన పక్కనే ఉన్నాడా… ఇయ్యి. ఇయ్యి మరి.

నమస్కారమండి నరసింగరావు గారూ. … ఆ, బాగున్నామండి. … ఆ. … ఆ.

లేదండి, గొడవెందుకు సేస్తాను. … ఒచ్చే ఏడు. ఆ. మీరే దగ్గరుండి నింపిస్తారు. … మీ కొట్లో కంప్యూటరు కాడ పని కూడా ఇస్తారా. బాగుందండి. … ఒక్క మాటండి. మీ కొట్టుకి నేనొచ్చిన రోజు గుర్తున్నాదా? మీ అమ్మాయికి కుర్సీ ఏసినారు. నేను కూడా కూకోబోతే, ఆ బస్తా మీద కూకో అమ్మా, ఉప్పు మరకలవుతాయి అన్నారు. ఇప్పుడిచ్చే పని కుర్సీ మీదాండి, బస్తా మీదాండి?

… కాదండి, తెలుసుకుందామని.

ఒచ్చే ఏడు ఈ మళ్లే ఉండవండి. లీజు అయిపోనాది, ఈ వానలతో ఆఖరు. మా అమ్మా నేనూ రొయ్యల ఫ్యాక్టరీలో షిఫ్టుకి పేర్లిచ్చినాం. ఐసు నీళ్లలో సేతులెట్టి నిలబడి రొయ్య తలకాయలు తీయాల. నోరు కదిపితే సూపర్‌వైజరు ఒప్పుకోడంట. ఇక్కడయితే ఎంత గట్టిగా సదివినా గాలి తప్ప ఎవులూ ఇనీవోరు కాదు. ఈ ఒక్క ఏడే నాకున్నాది. లెక్చరర్ని అవుదామనుకున్నాను, బల్ల ముందు నిలబడి సెప్పీదాన్ని. అంతేనండి. … పెద్దవోరు, మీతో నాకు మాటలేటి. అమ్మాయికియ్యండి ఫోన్.

… ఇయ్యండి. రేపు పరీక్ష దానిది, మీది కాదు.

శైలూ. … మీ నాన్న పక్క గదిలోకి పోయినాడా? … పోకపోయినా పరవాలేదులే, స్పీకర్లో పెట్టుకున్నా పరవాలేదు.

ఇప్పుడు నా మాట ఇను. ఏడుపాపి ఇను.

ఆరు సాయంత్రాలు సెప్పినాను కదా. రోజుకి యాభై సెప్పున మూడొందల ముక్కలయినాయి. క్రిమినల్ చట్టాలు, సాక్ష్యం చట్టం, రాజ్యాంగం, అన్నీ కలిపి మూడొందలు. నేను సెప్తే నువ్వనీదానివి, నువ్వంటే నేను ఆ అనీదాన్ని.

అందులో ముప్ఫై తప్పు సెప్పినాను.

…

ఆ. ముప్ఫై. కావాలనే.

… నవ్వులాటా? నీతో నేనెప్పుడు నవ్వులాడినాను? సెక్షను కాడ ఏనాడైనా నవ్వులాడినానా?

ఏ ముప్ఫయ్యో సెప్పను.

లేదు. సెప్పను.

… సూసుకో. పుస్తకం తీసి సూసుకో. ఏదీ, నీ అలమారలో ఉన్నదేటి? పాత పీనల్ కోడు. కొత్త చట్టాల పుస్తకం కొందామే అని నేనంటే, నువ్వుండగా పుస్తకమెందుకే అన్నావు. … ఫోన్లో వెతుక్కో మరి. దొరుకుతాయి, అన్నీ ఉంటాయందులో. మూడొందలూ ఒక్కొక్కటీ వెతుకు. పొద్దున్నయిపోతాది. అయిపోయినాక ఏటవుతాదో సెప్పనా? కంప్యూటరు ముందు కూకుంటావు. ప్రశ్న పడతాది. నంబరు నాలిక మీదకొస్తాది. అది ఏ గొంతులో ఒస్తాదనుకున్నావు? నీ బుర్రలో నీ గొంతు ఒక్క ముక్క లేదు శైలూ. మూడేళ్లుగా అక్కడ మాటాడతన్నది నేను. రేపు కూడా నేనే మాటాడతాను. నమ్మాలో ఒద్దో నువ్వు సూసుకో.

… దండాలెట్టకు, ఫోన్లో కనబడవు.

నా హాల్ టికెట్టా? ఇప్పుడెవులిస్తారు? నీదిస్తావా, నీ ఫోటో పీకి నాదంటిస్తావా? … నువ్వు రాయవా? ఎళ్లవా? అదీ నన్నే బెదిరింపా. ఎల్తావు. మీ నాన్న కారెక్కించి మరీ దింపుతాడు. ఎళ్లి కూకుని గంటన్నరసేపు నూట ఇరవైసార్లు నన్ను తలుసుకుంటావు.

… ఒక్కటి.

ఒక్కటి అడుగుతావా? సరే. మూడేళ్ల బెంచీకి గాను ఒక్కటి. నువ్వడిగింది తప్పయితే తప్పని సెప్తాను, సరైతే సరని సెప్తాను. ఆలోసించుకుని అడుగు. మళ్లా లేదు.

…

తొందరేం లేదు. ఆలోసించు. హత్య అడుగుతావా? మరణ వాంగ్మూలమా? ఇరవై ఆరని సెప్పినాను కదా, అదా? ఎఫ్‌ఐఆరా? … నీ ఇష్టం.

… ఏటి?

మోసం. కొత్త చట్టంలో మోసం ఏ సెక్షనంటావా.

నేనేటి సెప్పినాను? … మూడొందల పద్దెనిమిది.

… అది కరెక్టు. అది తప్పు సెప్తానా నీకు. బాగా గుర్తెట్టుకో దాన్ని, జన్మలో మరిసిపోకు.

ఆ. అంతే. ఇంకేటీ లేదు.

లేదు… లేదు. రేపు ఆరింటికి సెయ్యకు. ఎల్లుండీ ఒద్దు. ఈ నంబరు తీసీ.

… ఏడవకే. రేపు పరీక్ష, కళ్లు వాసిపోతే స్క్రీను కనబడదు.

ఉంటాను.

…

కట్టయిపోనాదమ్మా. ఇదిగో, నీ ఫోను.

… ఆ, అదే, శైలజే. ఇన్నావా అంతా?

… లేదే అమ్మా. ఒక్కటి కూడా తప్పు సెప్పలేదు. సెప్దామనే రోజూ గట్టు మీద కూకున్నాను. ఒక్కో సెక్షను కాడికొచ్చేసరికి నోరు తిరగలేదు.

… దానికి తెలీదు. నేను సెప్పను. నువ్వూ సెప్పకు.

పద, అటు సూడు మబ్బు. తాటాకులందుకో, పదిహేడో మడి కుప్ప కప్పలేదింకా.